మునిగే మనిషి

"వదినా, ఈసారైనా కాస్త నమ్మేలా మునుగు! పోయినేడు వేణ్ణీళ్ళ తొట్టిలో దిగినట్టు దిగావు. నిన్ను చూసి జాలిపడేదెలా?"

అగ్నిమాపక కేంద్రం వంటగదిలో పొద్దున్నే దళంవాళ్ళ పలకరింపు ఇదీ. వంటమనిషి కున్‌సులు కాగిన నూనెలోంచి బౌర్సాకులనే పిండిఉండలు తీసి పళ్ళెంలో వేస్తూ నవ్వింది. నవ్వకపోతే "ఏంటి వదినా, కోపమా?" అంటూ ఇంకో నలుగురు తయారవుతారు. వాళ్ళకి వండిపెట్టడానికి ఆమెకి జీతం ఉంది. మునగడానికి లేదు. ఇర్తిష్ నది గట్టిగా గడ్డకట్టాక ఏటా ఒకరోజు వీళ్ళు రంపాలతో మంచు కోసి మడుగు చేస్తారు. అందులో ఒకరు మునిగిపోతున్నట్టు కొట్టుకోవాలి, మిగిలినవాళ్ళు నిచ్చెన పరుచుకుని పాకుతూ వచ్చి తాడేసి లాగాలి. ఆ ఒకరు ఎవరన్నది మొదటి ఏడాదే తేలిపోయింది. "నువ్వైతే తేలిక, లాగడం సుళువు" అన్నాడు అప్పటి పెద్ద అధికారి. "నీకు కష్టమేముంది? తేలుతూ పడుండడమేగా" అన్నాడు దళనాయకుడు సెర్జాన్. అతను ఆమె మొగుడే. ఒళ్ళంతా కప్పే ఆ నారింజరంగు సూటులో ఒళ్ళు తడవదు గానీ ఎముకల్లో దూరిన చలి మాత్రం ఓ పట్టాన పోదు. ఆ చలితోనే ఇంటికెళ్ళి రొట్టె ఎలా కాల్చావు, బట్టలెలా ఉతికావు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అయినా ఆమె ఎప్పుడూ కాదనలేదు. రెండేళ్ళ కిందట ఇదే నది చిన్నదొరని మింగేశాక అయితే మరీను. మునగాల్సింది నేనే కదా అనుకునేది.

చిన్నదొర అంటే సెర్జాన్ తమ్ముడు. అది అసలు పేరు కాదు. అత్తింటివాళ్ళ పేరు కోడలి నోట రాకూడదని వాళ్ళలో ఓ ఆచారం. మామ మొదలుకొని ఉయ్యాల్లో పిల్లాడి దాకా అందరికీ కోడలే ఏదో ఒక పేరు పెట్టుకుని పిలవాలి. చాలా ఇళ్ళలో ఎప్పుడో వదిలేశారు. అత్తగారు బాటిమా మాత్రం వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో కున్‌సులు నోరుజారి ఆ పిల్లాణ్ణి పేరుతో పిలిచింది. అప్పటికి వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అత్తగారు ఆమె పోసిచ్చిన టీ తీసుకెళ్ళి గుమ్మం బయట మంచులో పారబోసి, "మీ అమ్మ నీకు నాలుకైతే ఇచ్చింది గానీ దానికి కళ్ళెం వెయ్యలేదు" అంది. ఆ రోజు నుంచి వాడు చిన్నదొర. వాడికి జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది, లెక్కలు రాక ఏడిస్తే పక్కన కూర్చుంది, మొదటిసారి గడ్డం గీసుకుంటూ చెంప కోసుకుంటే రక్తం తుడిచింది ఆమే. ఆమెకి పిల్లలు కలగలేదు. అత్తగారు చుట్టాల ముందు "గొడ్డుది" అన్నప్పుడల్లా వాడు గదిలోంచి వచ్చి "వదినా, ఆకలి" అనేవాడు, అప్పుడే తిన్నా సరే.

రెండేళ్ళ కిందటి ఆ రోజు వాడు గడ్డకట్టిన నది మీద చేపలు పడుతున్నాడు. గాలి ముఖాన కొడుతోంది. కున్‌సులు వేడి చారు పట్టుకుని మంచు మీదికి వెళ్ళేసరికి వాడు బొచ్చుటోపీ చెవుల మీదికి లాక్కుని వంతెన వైపు నడుస్తున్నాడు. అక్కడ అడుగున ప్రవాహం జోరు, పైన మంచు పలచన. "చిన్నదొరా! ఓ చిన్నదొరా!" అని గొంతు చించుకుంది. వాడు తిరగలేదు. ఆమె పరుగెత్తి సగం దూరం పోయేసరికి అక్కడ వాడు లేడు.

ఏడోనాటి భోజనాల దగ్గర అత్తగారు అందరి ముందూ అంది: "పేరు పెట్టి పిలిస్తే ఎంత దూరాన ఉన్నా మనిషి తిరుగుతాడు. చిన్నదొరా పెద్దదొరా అంటే ఎవడు తిరుగుతాడు? నా బిడ్డ పేరు నీ నోటికి రాలేదుటే!" కళ్ళెం వేసిన మనిషే పరుగెత్తలేదేమని నిలదీసింది. పోయినవాడి కోసం ఆడవాళ్ళంతా కూర్చుని పాడుతూ ఏడుస్తున్న గదిలో కున్‌సులుకి చోటివ్వలేదు. "నువ్వు పోయి టీ సంగతి చూడు" అన్నారు. ఆమె టీ సంగతి చూసింది. చంపినదానికి ఏడ్చే హక్కెక్కడిది? ఒక్కసారి తెగించి పేరు పెట్టి పిలిచుంటే? పిండి కలుపుతున్నా, నేల తుడుస్తున్నా అదే ప్రశ్న. సెర్జాన్ ఆమెని ఏమీ అనలేదు. "నేను ఒడ్డున కారు దగ్గరున్నాను, చూడలేదు" అని ఒక్క ముక్క చెప్పి మాంసం పళ్ళెం వైపు చేయి చాపాడు. ఏమీ అనకపోవడమే మంచితనమనుకుని ఆమె లోలోపల అతనికి దణ్ణం కూడా పెట్టుకుంది, పిచ్చిది.

ఈరోజు గాలి లేదు. నది మీద అటు మాట ఇటు స్పష్టంగా వినిపిస్తోంది. నడుముకి తాడు కట్టి కున్‌సులుని మడుగులోకి దింపారు. ఆమె మంచు అంచు పట్టుకుని తేలుతూ, చెప్పినట్టే చేతులు కొట్టుకుంటూ ఉంది. కాస్త దూరంలో సెర్జాన్ కొత్తవాళ్ళని నిలబెట్టి పాఠం చెబుతున్నాడు.

"పలచటి మంచు వైపు ఎవడైనా పోతుంటే కేకలేసి గొంతు పాడుచేసుకోకండి. ఈల ఊదండి, దీపం చూపించండి, కదలండి ముందు."

"పేరు తెలిసినవాడైతే పేరు పెట్టి పిలవొచ్చుగా అన్నా?" అన్నాడు కొత్తగా చేరిన తలగత్. "పేరు వింటే ఎవరైనా తిరుగుతారంటారు."

"తిరగరు. ఎదురుగాలి, చెవుల మీద బొచ్చుటోపీ. కన్నతల్లి పిలిచినా వినపడదు. మా తమ్ముణ్ణి నేను పిలిచాగా, ఒడ్డు మీద నుంచి, పేరు పెట్టి, గొంతు పోయేదాకా. ఇటు చూడనైనా చూడలేదు వాడు."

మడుగులో ఉన్నది మనిషని అతనికి గుర్తులేదు. ఏటా ఉండేదే కదా.

కున్‌సులు చేతులు కొట్టుకోవడం మానేసింది. "వదిన ఈసారి భలే మునుగుతోందిరోయ్!" అని ఎవరో నవ్వారు. ఆమెకి నవ్వు వినపడుతోంది, ఒంట్లో మాత్రం ఏ భాగమూ తనది కానట్టుంది. అంటే ఈయన చూశాడు. అంటే పిలిచాడు. అంటే నేను పిలిచినా, మా అత్త పిలిచినా, ఊరంతా కూడి పిలిచినా వాడు తిరిగేవాడు కాదు. ఆ గాలిలో నా కేక ఈయనకి వినపడలేదు, ఈయన కేక నాకూ వినపడలేదు, ఇంక వాడికేం వినపడుతుంది? మరి రెండేళ్ళు నోరెందుకు మూసుకున్నాడు? చూశానంటే వాళ్ళమ్మ అడుగుతుంది కదా, మంచు మీద మనుషుల్ని కాపాడేవాడివి, చూసి కూడా ఒడ్డునెందుకు నిలబడ్డావురా అని. ఆ ప్రశ్న తన మీద పడకుండా నన్ను అడ్డం పెట్టుకున్నాడు. తడి తగలకుండా గుమ్మంలో గోనెపట్టా పరుచుకున్నట్టు పరుచుకున్నాడు నన్ను.

నిచ్చెన మీద పాకుతూ వచ్చిన తలగత్ ఆమె చంకల కింద చేతులేసి పైకి లాగాడు. "వదినా, ఏడుస్తున్నావా? చలా?" అన్నాడు. "చలే" అంది.

సెర్జాన్ ఆమె ముఖం చూసి, తన మాటలు విన్నదని అప్పుడు గ్రహించాడు. ఇంటికెళ్ళేటప్పుడు కార్లో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఎలాగో గడిచిపోయింది కదా" అన్నాడు.

"ఎవరికి గడిచిందండీ?"

అతను గేరు మార్చాడు.

ఇంట్లో అత్తగారు గోడవారన తన పెద్దపీట మీద కూర్చుని ఉంది. "వచ్చావా? నోరెండి చస్తున్నా. టీ పొయ్యి" అంది. కున్‌సులు కూర్చుంది గానీ టీకుండ ముట్టుకోలేదు. మొగుడి వైపు చూసింది. అతనే చెబితే బావుండునని, ఈ ఒక్కసారి తన మాట తనే మోస్తే బావుండునని, నిజంగా దేవుణ్ణి వేడుకున్నట్టే కోరుకుంది. అతను చక్కెరగడ్డ నలగ్గొట్టుకుంటున్నాడు.

"అపా," అంది అత్తగారితో. "ఎల్దోస్‌ని…"

"ఏయ్!" ముసలమ్మ ముఖం కందగడ్డయింది. "నా కొడుకు పేరెత్తుతావా? నా ఇంట్లో?"

"ఎత్తుతానపా. ఎల్దోస్‌ని ఆ రోజు మీ పెద్దబ్బాయి పేరు పెట్టి పిలిచాడట, ఒడ్డు మీద నుంచి. గొంతు పోయేదాకా పిలిచాడట. వాడు తిరగలేదట. ఇవాళ నది మీద కొత్త కుర్రాళ్ళకి పాఠం చెబుతూ అన్నాడు. మీరే అడగండి."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏరా?" అంది. "ఏరా, చూశావా నువ్వు?" అతను తలెత్తలేదు.

కున్‌సులు వాళ్ళిద్దరినీ చూడటం మానేసింది. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, గోడ వైపు తిరిగి, ముందుకీ వెనక్కీ ఊగుతూ గొంతెత్తి మొదలుపెట్టింది: "ఎల్దోస్, నా తండ్రీ, నా పాలపళ్ళ తండ్రీ, ఎల్దోస్…" ఇరుగుపొరుగుకి వినపడుతుందని సెర్జాన్ లేచి కిటికీ మూయబోయాడు. ఆమె ఆగలేదు. వాడు పోయాక ఆ ఇంట్లో వాడి కోసం ఆమె ఏడవడం అదే మొదలు.