ఊడ్చిన మిద్దె

నడిమివంక వాగు పొర్లి అనంతపురం కాలనీలు మునిగిన మరుసటి ఏడాది ఇది జరిగింది. ఆ వరదవానకు రాప్తాడులో మా మిద్దె కడిగినట్టయింది. తర్వాత గట్టి వానే లేదు. అప్పటినుంచి మిద్దె మీద చీపురు పెట్టొద్దని మా కోడలు ఫరీన్ బతిమాలింది. అనంతపురంలో పరిశోధన చేస్తోంది. ఆకాశంలో తిరిగే గ్రహశకలాలనే బండల నుంచి సన్నని దుమ్ము మన మీద రాలుతూనే ఉంటుందట. అయస్కాంతంతో దాన్ని ఏరి, వ్యోమనౌక ఒక బండ మీదనుంచి తెచ్చిన దుమ్ముతో పోల్చితే, పొలాల్లో పడే ఉల్కలు ఎక్కడివో తెలుస్తుందట.

ఆదివారం ఏరుకుంటానంది. శనివారమే నేను మిద్దె మీద శెనక్కాయలు ఆరబోయాలనుకున్నాను. నా భార్య జుబేదాబీతో ఒక మాట అన్నాను.

"కోడలు చదువుకుంటే నువ్వు చీపురు మరిసిపోయినావా?"

ఆమె వెంటనే చీపురు అందుకుంది. నలభై ఏళ్లుగా అంతే. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, ఊడ్చి, చెత్త దిబ్బలో పోసింది. ఊడుస్తున్నంతసేపూ కోడలి ముఖమే కళ్లముందుందట. అయినా చెయ్యి ఆగలేదట. ఆగడం ఆ చేతికి అలవాటు లేదు.

సాయంత్రం ఫరీన్ దిబ్బ దగ్గర చాలాసేపు నిలబడింది. బూడిదలో, ట్రాక్టరు ఇనుపరజనులో కలిశాక ఏది పైనుంచి రాలిందో తెలియదు, పనికిరాదంది. దుమ్ము చదువు మాని ఇల్లు చూసుకొమ్మన్నాడు నా కొడుకు అతావుల్లా.

"నేనే ఊడ్చినా. నాకే మతి లేకపాయె" అంది జుబేదాబీ, కళ్లొత్తుకుంటూ. నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"నీదేం తప్పులే అత్తా. ఇంటి పని నీ మీదేసి దాని ఎనకాల పడింది నేను. మానేస్తా" అంది ఫరీన్.

రాత్రి నేను అన్నం సగంలో వదిలేసి లేచాను. చెంబు అందిస్తూ జుబేదాబీ మెల్లగా అంది:

"ఇన్నేండ్లూ ఆకాశాన్నే ఊడ్చి దిబ్బలో పోసినానేమయ్యా. నాకెవురూ చెప్పలే. చెప్పిన పిల్లనన్నా మాననీయొద్దు."

మర్నాడు పొద్దున, అందరూ టీ తాగుతుంటే, ఊడ్చమన్నది నేనని చెప్పాను. ఆరబోసిన కాయలన్నీ గంపలతో కిందికి దించి వాకిట్లో పోశాను. ట్యాంకరు నీళ్లు బిందెలతో పైకి మోసి, ఆ వరదవాన కడిగినట్టు మిద్దెంతా కడిగాను. మిద్దె మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఫరీన్ చేతిలో పెట్టాను.

"ఈ పొద్దుట్నుంచి రాలే దుమ్ము లెక్క పెట్టుకోమ్మా" అన్నాను.