పొడి కలిసిన కేకు

బేకరీలో కేకుల మీద క్రీము పూసి పూలు వేసేది ఆమే. క్రీమక్క అని పేరు పెట్టింది కొట్టు యజమాని, ఆమె నాన్నకు స్వయానా తమ్ముడు. బాబాయి దృష్టిలో వృథా చేయడం పాపం. కోసేసిన అంచులు, పల్లీ బిస్కెట్ల విరుగుళ్లు, బాదం కేకు తునకలు అన్నీ ఒక డబ్బాలో పడాల్సిందే. మర్నాడు వాటిని పొడి చేసి కొత్త పిండిలో కలిపేస్తాడు. తన కేకు అంత మెత్తగా రావడానికి అదే కారణమని ఆయన వాదన. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

క్రీమక్క కొడుక్కి ఏడేళ్లు. రెండో ఏట పల్లీ బిస్కెట్ ముక్క కొరికి, పెదాలు ఉబ్బి, ఊపిరి అందక ఆమె చేతుల్లోనే నీలంగా మారిపోయాడు. ఆసుపత్రికి సమయానికి చేరబట్టి బతికాడు. అప్పట్నుంచీ తొడకు గుచ్చే సూదిమందు లేనిదే ఆమె గడప దాటదు. పని నుంచి వచ్చి స్నానం చేయనిదే వాణ్ణి ముట్టదు. డబ్బా సంగతి బాబాయికి ఎన్నోసార్లు చెప్పింది. "చిటికెడు పొడికి ఏమవుతుందమ్మా" అని ఆయన నవ్వేసేవాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె నోరు మూసుకునేది. అలా మూసుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం కౌంటర్ ముందు పెద్ద వరస. పుట్టినరోజు కేకు కోసం వచ్చిన ఒక తల్లి అడిగింది. "మా పాపకి పల్లీలు, బాదం, జీడిపప్పు ఏవీ పడవండీ. ఇందులో లేవు కదా?"

"ఒక్క పలుకు కూడా లేదమ్మా, మామూలు కేకు" అన్నాడు బాబాయి. ఆయన అబద్ధమాడలేదు. పొడిని ఆయన ఏనాడూ పప్పు కింద జమకట్టలేదు.

కేకు పట్టుకొచ్చిన క్రీమక్క దాన్ని కౌంటర్ మీద పెట్టలేదు. "ఉన్నాయండీ. నిన్నటి కేకుల పొడి కలిసింది. ఇది ఇవ్వను."

"కంటికి కనబడని దానికి ఇంత రాద్ధాంతమా?"

"కనబడదు కాబట్టే భయం బాబాయ్. కనబడితే ఆ పిల్లే ఏరి పక్కన పెట్టేది. పడని ఒంటికి గింజైనా ఒకటే, పొడైనా ఒకటే. కాల్చినా పోదు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"ఐదేళ్లు నానబెట్టాను. అదే నా తప్పు."

వరసలో పెద్దాయన ఒకరు విసుక్కున్నాడు. "మా రోజుల్లో రాళ్లు తిని అరిగించుకున్నాం."

"అరిగించుకున్నవాళ్లే వచ్చి చెబుతారండీ. అరగనివాళ్లు చెప్పడానికి మిగలరు."

ఆ తల్లి ఆమె ముఖంలోకి చూసింది. "మీ పిల్లలకి పెడతారా ఇది?"

"మా వాడికీ పల్లీలు పడవు. ఈయనకి మనవడే. ఈ కొట్టు కేకు ఇంతవరకూ వాడి నోట పడనివ్వలేదు."

బాబాయి ముఖం మారింది. "ఏటా పుట్టినరోజుకి నేను పంపానే. నా చేత్తో చేసి."

"వీధి చివర చెత్తబుట్ట దాటి రాలేదు బాబాయ్. ఐదింట్లో ఒక్కటీ రాలేదు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. అది చూసి కూడా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు.

"ఆ ఏప్రాన్ విప్పేసి ఇంటికి పో" అన్నాడు చివరికి.

"పోను. నేను పోతే తర్వాత వచ్చేవాళ్లకి మళ్లీ మామూలు కేకే అంటావు. కావాలంటే మెడపట్టి గెంటు, అందరూ చూస్తారు."

కేకును వెనక బల్ల మీద పెట్టి వచ్చి, ఆమె కౌంటర్ దగ్గర ఆయన పక్కనే నిలబడి గొంతు పెంచింది. "వినండి. ఇక్కడున్న ప్రతి కేకులో పల్లీ, బాదం పొడి ఉంది. పడనివాళ్లు ఇంట్లో ఉంటే కొనకండి."

ఆ తల్లి కేకు లేకుండానే వెళ్లింది. ఆమె వెనక మరో ముగ్గురు వెళ్లిపోయారు. క్రీమక్క తర్వాతి మనిషికీ అదే మాట చెప్పింది.