దిద్దని వీపు

ఆ వీపులో అంతగా ఏముందని, గాజు ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ప్రేమమ్మ మళ్లీ చూసింది, నలుపు తెల్లగా, తెలుపు నల్లగా మారిన ఆ నెగటివులో బేతంచెర్ల గనిలో నాపరాయి నెత్తిన పెట్టుకుని అటు తిరిగి నిలబడిన కూలిమనిషి ఈరక్క, నడుముకు బిగించిన పైట, ఎడమ భుజం మీద రాయి ఒరుసుకుని కాయకాసిన మచ్చ, ఆదివారం ఆరాధన కూడా మానుకుని తన మొగుడు లాజరు రైలెక్కి పోతూ వచ్చింది దీనికోసమేనా, కర్నూలు రాజధాని అయ్యాక ఆఫీసర్లూ వాళ్ల భార్యలూ పౌడరు పూసుకుని ఈ స్టూడియోకు వస్తుంటే వాళ్ల మొటిమలూ ముడతలూ నెగటివు మీద పెన్సిలు మొనతో పూడ్చేది తనే కదా, తన చేయి పడకుండా ఒక్క ముఖమైనా ఈ గడప దాటిందా, అట్లాంటిది లాజరు పొద్దున ఈ ప్లేటు బల్లమీద పెట్టి, దీన్ని మద్రాసు ఫోటోల పోటీకి పంపుతాండా, నువ్వు ముట్టొద్దు ప్రేమమ్మా అన్నాడు, ఆ మచ్చ వికారంగా ఉండాదే అంటే, అది పోతే ఆ మనిషే పోతాది అన్నాడు, ఎంత మెత్తగా అన్నాడు.

నెగటివు మీద మచ్చలు చెరిపే గీకుడు కత్తి మొన ప్లేటులోని ఆ భుజం మీద ఆనింది, ఒక్క గీత చాలు, చేయి జారిందంటే నమ్ముతాడు, నిన్న ఈరక్క చంకలో బిడ్డతో వచ్చి కాపీ చూసుకుని, నా వీపు నేనెప్పుడు చూసుకుంటినక్కా, ఇదేనా ఇంత బరువు మోసేది అని నవ్వింది, ఆ నవ్వులో దాపరికం కనబడి ఉంటే తిట్టి పంపేది, కనబడలేదు, అందుకే కడుపు ఇంకా మండింది, వికారమైన మచ్చ అని తానే అంది, తన ముఖం నిండా ఉన్నవేమిటి మరి, అమ్మవారు పోసి పోయిన గుంటలు, పెళ్లి ఫోటోలో వాటిని ఒక్కటీ మిగలకుండా దిద్దింది లాజరే, పొద్దంతా వంగి కూర్చుని, చూసినవాళ్లంతా ఎంత నున్నగా ఉండాది పిల్ల అంటే తాను పొంగిపోయింది, అదే ప్రేమనుకుంది, ఆ పనే నేర్పమని అడిగి మరీ నేర్చుకుంది, ఆ తర్వాత తనను మళ్లీ ఎప్పుడు తీశాడు, ఇంట్లో ఉండేదానివే కదా, ఎప్పుడైనా తీస్తాలే అన్నాడు, తీయలేదు.

కత్తి పక్కన పెట్టేసింది, చీకటి గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన లాజరు ముందు ప్లేటు గీతలేకుండా ఉంది, తాను మాత్రం పోయి గిరాకీల కుర్చీలో కూర్చుంది, నన్నొకటి తియ్యి, నేను పెన్సిలు ముట్టను, నువ్వూ ముట్టొద్దు అంది, అతను చాలాసేపు ఆ ముఖంలోకి చూశాడు, ఎప్పుడూ పక్కకు జారిపోయే ఆ కళ్లు ఇప్పుడు చెంపల మీద, గుంటల మీద ఆగుతుంటే ఆమెకు సిగ్గేసింది, అయినా తల దించలేదు, ఈరక్కను చూసి ఇన్నాళ్లూ కుళ్లుకున్నది ఈ చూపు కోసమేనని తెలిసిపోయింది.