గోడ మీద బొగ్గు గీత

రెండు చీరలు, జాకెట్లు, నొప్పి మాత్రలు, దువ్వెన సంచిలో పెట్టేసరికే వీరదుర్గకి చెమటలు పట్టాయి. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవదు. అన్నీ ఎడమ చేత్తోనే. ఇంకొక్కటి కావాలి, ఎర్ర రబ్బరు పట్టీ. బందరు ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే రమ్య అనే అమ్మాయి ఇచ్చింది. ఇల్లంతా వెతికితే చివరికి వాకిట్లో దొరికింది. మొగుడు గంగరాజు దాన్ని టీవీఎస్ బండి వెనకాల ఐసు పెట్టెకి బిగించి కట్టాడు.

"బాగా సాగుద్దని కట్టానే. నీకెందుకది?" అన్నాడు అరుగు మీంచే.

ఆమె పళ్ళతోనూ ఎడమ చేత్తోనూ ముడి విప్పుకుంటూ నిలబడింది.

వేట నిషేధం నడుస్తోంది. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని మంగినపూడి చుట్టుపక్కల వీధులన్నీ తిరిగే వీరదుర్గకి ఏడాది మొత్తంలో చిక్కే తీరిక ఈ రెండు నెలలే. ఈలోగా చెయ్యి లేవకపోతే వేట తెరిచాక గంప ఎత్తలేదు. గంప లేకపోతే తలనొప్పి మాత్రకి కూడా గంగరాజుని అడుక్కోవాలి. కానీ మగాళ్ళు వేట మానుకుని ఇంట్లో కూర్చుంటే ఆడదానికి తీరికెక్కడిది? గంట గంటకీ టీ. పేకాటకొచ్చిన వాళ్ళకి టీ. మధ్యలో ఎప్పుడో వేడినీళ్ళ గుడ్డతో భుజానికి కాపడం పెట్టుకుని, వంగి, చెయ్యి వేలాడేసి మెల్లగా సున్నాలు చుడుతుంటే, "మీ ఆవిడకి అమ్మోరు పూనిందిరోయ్" అని నవ్వులు.

ఆ నవ్వులకన్నా అత్త సత్యవతమ్మ మాటే ఎక్కువ గుచ్చుకునేది. "ఇల్లు ఊడువు, బట్టలుతుకు. అంతకు మించిన ఎక్సర్‌సైజు ఏముందే?" ఇదే మాట రమ్యని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "పని వేరు, ఇది వేరండీ. పని అయిపోవాలని మీరు బాగున్న చేత్తో లాగించేస్తారు. నొప్పి చెయ్యి కదలక ఇంకా బిగుసుకుపోతుంది. గోడకి వేళ్ళు ఆనించి పాకించండి. పట్టేసినట్టు ఉన్న చోట ఆగండి. నొప్పితో పోట్లాడకండి. ఎంతవరకూ అందిందో గీత పెట్టుకోండి. రోజూ కొంచెం చాలు." రోజూ కొంచెం! అంత తేలిగ్గా చెప్పింది. ఆ కొంచెం ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. గోడ దగ్గర నిలబడగానే, "అక్కడే ఉన్నావుగా, ఆ డబ్బా అందుకో" అనేవారు. గీత పెట్టిన చోటే ఉండిపోయింది.

నిన్న స్నానం చేసొచ్చిన గంగరాజు, గోడకి ఆనించి ఉన్న ఆమె చేతి మీద తడి తువ్వాలు వేసి వెళ్ళిపోయాడు. కోపంతో కాదు, ఎకసెక్కానికీ కాదు. దండెం మీద వేసినట్టు వేశాడంతే. ఆ తువ్వాలు కింద పడకుండా ఆమె కాసేపు అలాగే నిలబడిపోయింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పుట్టింటికి వెళ్ళాలని అప్పుడే అనుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావే?" సంచి వైపు బెదురుగా చూస్తూ అడిగింది సత్యవతమ్మ. ఎవరు సంచి సర్దినా ఆవిడ గుండె జారిపోతుంది. ఉప్పెన ముందురోజు తన తల్లికి సంచి సర్ది పాలకాయతిప్పకి బస్సెక్కించింది ఆవిడే. ఆ తల్లి ఉప్పెనలోనే పోయింది.

"చెయ్యి లేచాక, అత్తా."

"మరి వంట?"

"బోటు మీద వారం వారం పులుసు కాసేది బావే కదా. ఇంట్లో పొయ్యి అయితే చెయ్యి కాలుద్దా?"

పాలకాయతిప్పలో తండ్రి సూరయ్య ఒక్కడే ఉంటాడు, తన గంజి తనే కాచుకుంటాడు. సత్యవతమ్మకి సొంత తమ్ముడు. కూతురు చెప్పిందంతా విని, పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క తెచ్చిచ్చాడు. "గోడంతా నీదే, గీసుకో."

అక్కడ ఎవరూ డబ్బా అందుకోమనలేదు. మొదట గీత జాకెట్టు చేతి అంచు దగ్గర ఉండేది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆగేది, ఊపిరి తీసుకునేది, మళ్ళీ పాకించేది. మెల్లమెల్లగా గీత చెవి దాటింది. గంగరాజు మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. టీ పొడి ఎక్కడుంది? నా గళ్ళ చొక్కా ఏది? చివరికి తల్లిని పంపాడు.

గుడ్డసంచితో, కుంటుకుంటూ మధ్యాహ్నం దిగింది సత్యవతమ్మ. "పదవే, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోదాం. వాడికి తిండి లేదు."

ఇప్పుడు వెళ్తే గీత మళ్ళీ కిందికే. వీరదుర్గ వెళ్ళి గోడకి వేళ్ళు ఆనించింది.

సత్యవతమ్మ మంచమ్మీద కూర్చుని చూస్తూ ఉంది. అది ఆవిడ పుట్టిన చోటు. తల్లి పోయాక ఎప్పుడొచ్చినా సాయంత్రం బస్సుకి పరుగే, ఒక్క రాత్రీ నిద్ర చేసింది లేదు.

"ఆగావేంటే?"

"ఆగాలంట అత్తా. ఆగడం కూడా ఇందులో ఉందంట."

"ఓసినీ! ఆగడం నేర్చుకోడానిక్కూడా ఆసుపత్రికెళ్ళాలా?" అని నవ్వి, కాసేపటికి గొంతు తగ్గించి, "మోకాళ్ళకేమన్నా చెప్పిందా ఆ పిల్ల?" అంది.

ఆసుపత్రిలో పక్కన కూర్చునే ఒకావిడకి రమ్య మోకాళ్ళ వ్యాయామం నేర్పుతుంటే వీరదుర్గ చూసింది. అత్తని మంచం అంచున కూర్చోబెట్టి అదే చూపించింది. కాలు మెల్లగా చాపాలి, బిగించి కాసేపు ఉంచాలి, దబ్బున పడేయకుండా దించాలి. సత్యవతమ్మ చాపింది. మోకాలు టక్కుమంది. ఆవిడ పెదవి కొరుక్కుంది, కానీ కాలు దించలేదు.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"అక్కా, బస్సు" అన్నాడు సూరయ్య.

"ఉండరా, ఇంకో కాలు చెయ్యలేదు."

బస్సు వెళ్ళిపోయింది. మర్నాడు కూడా అంతే.

వేట తెరిచిన రోజుకి వీరదుర్గ మంగినపూడిలో ఉంది. గంప రెండు చేతులతో పట్టి తనే నెత్తికెత్తుకుంది. రబ్బరు పట్టీ నడుముకి కట్టుకుంది. "మా అమ్మేదే?" అని గంగరాజు వెనక నుంచి అరుస్తున్నా ఆగకుండా నడిచింది. కోడల్ని వెంటబెట్టుకొస్తానని కొడుక్కి మాటిచ్చి, మే నెల రెండో వారంలో గుడ్డసంచితో బస్సెక్కిన సత్యవతమ్మ పాలకాయతిప్ప నుంచి ఇంకా తిరిగి రాలేదు.