బురద బూట్ల పాట

"నీ ఫోన్ రింగ్‌టోన్‌లో ఆ పాట తీసేశాను. నలుగురిలో మోగితే తల కొట్టేసినట్టవుతోంది" అన్నాడు భర్త, ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ. దాని బదులు ఏదో వేణువు పెట్టాడట, వినసొంపుగా ఉంటుందట. అడిగి తీయొచ్చుగా అని ఆమె అనలేదు. చేతులకి సబ్బు నురగ ఉంది, నోటికి పద్నాలుగేళ్ల అలవాటు ఉంది. దుప్పట్లు పిండుకుని మేడ మీదికి వెళ్లిపోయింది.

ఆ పాట ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు టీవీలో ఒక సీరియల్ మొదట్లో వారానికోసారి వచ్చేది. ముందు డప్పులు, తర్వాత బాకా, ఆ పైన ఖంగుమనే ఒక ఆడగొంతు. తెర మీద పశువుల డాక్టరమ్మ మోటార్ సైకిల్‌ని తన్నేది. రెండుసార్లు మొరాయించి మూడోసారి కదిలేది బండి. మోకాళ్ల దాకా బూట్లు, బూట్ల నిండా బురద. నాన్నా అన్నయ్యా కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్లు. ఆమె వంటింటి గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూ చూసేది, ఎందుకంటే "చూస్తే చూడు, చేతులు మాత్రం ఆగకూడదు" అన్నది అమ్మ పెట్టిన షరతు. ప్రతివారం ఎవడో ఒకడు ఆ డాక్టరమ్మ వెనక్కి తొంగిచూసి "డాక్టరుగారు రాలేదా?" అనేవాడు. "వచ్చాను, ఆవేదీ?" అనేది ఆవిడ, అంతే. "దీనికి మొగుడూ పిల్లలూ లేరా, ఊళ్లమ్మట పడి తిరుగుతోంది" అని నాయనమ్మ బుగ్గలు నొక్కుకునేది. ఉన్నారో లేరో ఆ సీరియల్ ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడినట్టు ఒక్కసారైనా చూపించలేదు. మరి ఆవిడకి అన్నం ఎవరు పెడతారని ఈ పిల్ల వారాల తరబడి ఆలోచించింది.

డాక్టరు చదువు అన్నయ్యకి పెట్టారు, వాడు మధ్యలో మానేశాడు. ఈమెకి రెండేళ్ల చిన్న కోర్సుతో సరిపెట్టారు. పదహారేళ్లుగా పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. ఇప్పుడు అక్కడికి కొత్త వ్యాన్ వచ్చింది, ఊరూరూ తిరిగి కొట్టాల దగ్గరే వైద్యం చేయడానికి. దాని బాధ్యత తనకివ్వమని, డ్రైవింగ్ నేర్చుకుని మరీ అర్జీ పెట్టింది. పెద్ద డాక్టరు పంపిన పేరే ఖాయం, మంగళవారం నుంచే వ్యాన్ తిరుగుతుంది. పేరు పంపేముందు ఫోన్ చేస్తానన్నారాయన.

ఆయన ఆ ఆదివారం మధ్యాహ్నమే చేశారు. మేడ మీద ఆరిన దుప్పట్లు మడతపెడుతుంటే కింద వేణువు వినిపించింది. పక్కింటివాళ్లది కాబోలు అనుకుంది. తన పాటే అయితే రెండేసి మెట్లు దూకి వచ్చేది.

"మీ ఆయన చెప్పారమ్మా" అన్నారు పెద్ద డాక్టరు సోమవారం. "వాళ్లమ్మగారు మంచం మీద ఉన్నారు కాబట్టి నువ్వు వద్దనుకున్నావట కదా. ఇంకొకరి పేరు రాశాను, పన్నెండింటికి పంపేస్తున్నాను."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న రాత్రి ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ఫ్యాన్ చప్పుడు చేస్తోందన్నాడు. ఈ ముక్క మాత్రం అనలేదు. అబద్ధం కన్నా ఆ అబద్ధం ఆడాక అంత నిమ్మళంగా మారు వడ్డించుకోవడం ఆమెని ఎక్కువ మండించింది. "గేదెలకి సూదులు పొడిచే ఉద్యోగానికి ఇంత హడావిడా" అని ఆయన అన్నప్పుడు నవ్వేసింది. "పేడ కంపుతో నా మంచం దగ్గరికి రాకు" అని అత్తగారంటే స్నానం చేసొచ్చి ఆవిడ ఒళ్లు తుడిచింది. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. మెత్తగా ఉన్నందుకు తన మీద కూడా తనకి కోపమొచ్చింది, కానీ ముందు రావాల్సిన కోపం ఎవరి మీదో ఇవాళ స్పష్టంగా తెలిసింది.

"ఫోన్ ఎత్తింది నేను కాదు సార్. నేను వద్దనలేదు. నా పేరే పంపండి."

"ఇంట్లో గొడవలవుతాయేమోనమ్మా. ఒకసారి ఆయన్ని కూడా అడుగుదామా?"

"ఆయన మూడు ఉద్యోగాలు మారారు సార్. ఒక్కసారైనా నాకెవరైనా ఫోన్ చేసి అడిగారా?"

డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నారు. రాసిన పేరు కొట్టేసి, పక్కన ఈమె పేరు రాశారు. గుమాస్తా దాన్ని పంపేదాకా ఆమె అక్కడినుంచి కదలలేదు. తర్వాత వరండాలోకి వచ్చి భర్తకి ఫోన్ చేసింది.

"వ్యాన్ నాకే ఇచ్చారు. రేపట్నుంచి పొద్దున ఆరింటికల్లా ఇల్లు వదలాలి."

"నేను డాక్టరుగారికి చెప్పానుగా."

"మీరు చెప్పిందీ తెలుసు. అది నా మాట కాదని చెప్పొచ్చాను."

"నీకు మతుండే మాట్లాడుతున్నావా? అమ్మకి స్నానం, మందులు, పక్క మార్చడం... ఇవన్నీ ఎవరు చేస్తారు?"

ఇలాంటి ప్రశ్న పడగానే పద్నాలుగేళ్లుగా ఆమె బుర్ర గబగబా దారులు వెతికేది. నాలుగింటికి లేస్తే సరిపోతుందా, పనమ్మాయిని బతిమాలితే ఒప్పుకుంటుందా అని. ఇవాళ ఏమీ వెతకలేదు.

"మీ అమ్మేగా" అంది.