రాగి జరీ కోటు

నేను ఒక రాజుగారి కోటును. పేరుకే రాజు; ఒక్క నిజం రాజునూ నేను మోసి ఎరుగను. తెనాలిలో కాదర్ సాహెబు నన్ను మెరూన్ మఖ్మలుతో కుట్టింది నాటకాలాడే వెంకటరత్నం గారి కోసం. సింహాసనం మీద ఆయన గర్జిస్తే జనం జడుసుకునేవారు. తెర లేవకముందు ఆయనెంత జడుసుకునేవారో నాకొక్కదానికే తెలుసు. నా అంచు పిడికిట్లో నలిపి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, అప్పుడు అడుగేసేవారు. ఆ చెమటతోనే నాకూ పిరికితనం అంటుకుందనుకుంటాను.

ఆయన మనవరాలు సువర్చల నన్ను హైదరాబాదు తెచ్చింది. ఉద్యోగం బ్యాంకులో, ప్రాణమంతా పాతకాలపు దుస్తులు కుట్టడంలో. తాతగారి కోటులాంటిది మరొకటి కుట్టాలని ఆ పిల్ల పంతం. తెనాలిలో అయితే కిరీటం దగ్గర్నుంచి గద దాకా చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. ఇక్కడ ఎవరినడగాలో తెలియక తిరిగి తిరిగి వేసారింది. నా చంక అప్పటికే పిగిలిపోయింది. ఒక బొటీకులో నన్ను అటూ ఇటూ తిరగేసి, హ్యాండ్‌బ్యాగులకు బాగుంటుంది మేడమ్ అన్నారు. ఆనాటినుంచి కత్తెర చప్పుడు వింటే చాలు, నా పైప్రాణాలు పైనే పోయేవి.

చివరికి పక్కింటి బాలలక్ష్మిని అడిగింది, పాత జరీ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. చార్మినార్ కాడ సందుల ఉంటరు, వాళ్ళకు తెల్వనిది లేదు అందామె. అబద్ధమేమీ కాదు.

ఆ కొట్టు నిండా కత్తిరించిన పట్టుచీరల అంచులు గుట్టపడి ఉన్నాయి. మూల కొలిమి మండుతోంది. పాత జరీ కాల్చి వెండి తీసే చోటని నాకు అర్థమైపోయింది. సువర్చలకు కాలేదు. చెబుదామంటే నాకు నోరేదీ?

కొట్టాయన నన్ను చేత్తోనే తూచాడు. "ఇచ్చేస్తరా?"

"మీ చేతిలో పెట్టడానికే వచ్చానండీ. ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎన్నాళ్ళెందుకమ్మా, గంటల అయిపోతది."

పిచ్చితల్లి, ఎంత పనితనమో అని మురిసిపోయింది కూడా. ఆయన నా గుండెమీది జరీ పువ్వులోంచి ఒక పోగు లాగి రాతిమీద గీశాడు. గీత ఎర్రగా పడింది.

"వెండి కాదు, రాగి. కాలిస్తె నాకేం మిగలది."

"కాల్చడమేంటండీ?" సువర్చల నన్ను లాక్కుని గుండెకు హత్తుకుంది.

ఇన్నేళ్ళూ వెండినని నీలిగాను. నకిలీదాన్ని కాబట్టి బతికాను. సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది.

ఆమె ఎందుకొచ్చిందో విని ఆయన పడీపడీ నవ్వాడు. తను కాల్చకముందే అంచులు ఏరుకుపోయేవాళ్ళు కొందరున్నారని, ఆదివారాలు నాంపల్లిలో ఒక మేడమీద కూర్చుని రాజులకాలం బట్టలు కుడతారని చెప్పాడు. మీ లెక్కనే పిచ్చోళ్ళు అన్నాడు.

ఆదివారం వాళ్ళను చూడగానే సువర్చల మొహం వెలిగింది. నాకు మాత్రం వాళ్ళ మధ్యనున్న బ్లేడే కనబడింది. వాళ్ళ పెద్దదిక్కు రమాబాయి నన్ను దుప్పటిమీద పరిచి, చంక తడిమి చూసింది.

"కుట్లు విప్పితేనే కత్తిరింపు తెలుస్తది బిడ్డా. అప్పుడే ఇంకోటి కుట్టగలుగుతం."

"దీన్ని మళ్ళీ ఇలాగే కుట్టగలమా?"

"బట్ట ముసలిదైంది. మాటియ్యలేను."

సువర్చల చెయ్యి నా అంచుమీదికి వచ్చింది. పిడికిట్లో నలిపింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ పిడికిలి నాకు తెలుసు.

"విప్పండి" అంది.

చంక కింద మొదటి కుట్టు తెగింది. నా భయం పోలేదు. వెంకటరత్నం గారికీ ఏనాడూ పోలేదు, తెర మాత్రం లేచేది.