తక్కువ ట్యూబు

నలభై మూడో ట్యూబుకు ఫాయిల్ చుడుతుండగా అతనికి మళ్లీ దగ్గు తెర వచ్చింది. మోచేతిని నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో స్టాండు కదలకుండా పట్టుకున్నాడు. విటమిన్ డి పరీక్షకు వచ్చిన రక్తానికి వెలుతురు తగలకూడదని ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో చెప్పారు. అంత జాగ్రత్త అక్కర్లేదని తరవాత ఇంకెవరో చెప్పారు. మొదటి మాటే బుర్రలో పాతుకుపోయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా చుడుతూనే ఉన్నాడు.

ఆసుపత్రి నేలమాళిగలో ఉందా ల్యాబు. కిటికీ లేదు. గోడ గడియారం చెబితేనే మధ్యాహ్నమైందని నమ్మాలి. పై అంతస్తులవాళ్లు అతన్ని కిందాయన అంటారు. తెల్లవారకముందే వచ్చి పొద్దుగూకాక వెళ్లే మనిషికి ఎండతో ముఖపరిచయమే తప్ప స్నేహం ఎక్కడిది? ఉండేది ఒంటిగది. వారానికోసారి అక్క ఫోన్ చేసి "తిన్నావురా?" అంటుంది. "తిన్నా" అంటాడు. అక్కడితో మాటలైపోతాయి.

విటమిన్ డి కొలిచే మిషను సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి రోజూ ముందుగా దానికి రెండు ట్యూబులు పెడతారు. అంకె ముందే తెలిసిన రక్తం అది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పదకొండేళ్ల కిందట కంపెనీ నుంచి రావలసిన తక్కువ ట్యూబులు రాకపోతే, చూద్దామని తన రక్తం పెట్టాడు. ఏడు వచ్చింది. మర్నాడూ ఏడే. ఇరవైకి పైన ఉండాల్సిన అంకె అది.

"భలే దొరికావయ్యా!" అని అప్పటి పెద్ద డాక్టరు వీపు తట్టాడు.

ఆ వీపు తట్టడం అతను ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పట్నుంచి నెలకోసారి తన రక్తం తీయించుకుని, చిన్న ట్యూబుల్లో పంచి, ఫాయిల్ చుట్టి, తక్కువ అని రాసి ఫ్రీజర్‌లో పెడుతున్నాడు. ఆ ఏడు ఒంటికి మంచిది కాదని ఒక్కరికీ తోచలేదు. ల్యాబులో అందరూ చదువుకున్నవాళ్లే మరి.

మూడు నెలల కిందట కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం ఆ రక్తం ఎవరిదని అడిగింది. తెలిశాక, వారానికొకటి వేసుకోమని మాత్రల పట్టీ ఇచ్చింది. అది ఇవాళ్టికీ సొరుగులోనే ఉంది.

పదకొండింటికి ఆమె కిందికి దిగి వచ్చింది. అతని దగ్గు మెట్లదాకా వినిపించిందట. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"కాలిపోతోంది. మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఈ నెల ట్యూబులు నింపాక మొదలెడదామనీ..."

"పోయిన నెలా ఇదే చెప్పారు."

"అంకె పెరిగితే ట్యూబు పాడైపోతుంది కదమ్మా. మిషన్ని ఎట్లా చూస్తారు మరి?"

ఆమె తల పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"కంపెనీ ట్యూబులు తెప్పిస్తున్నాను. మీరు ముందు నా మాట వినండి. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి కదా, వాటి లోపల గ్రాహకం అని ఒకటుంటుంది. విటమిన్ డి వెళ్లి దానికి అతుక్కుంటే, క్రిముల్ని చంపే సరుకు తయారుచేసుకోమని కణానికి కబురందుతుంది. మీకు కాపలావాళ్లున్నారు, గ్రాహకాలూ ఉన్నాయి. వెళ్లి తలుపు తట్టేవాడే కరువయ్యాడు."

అతనికి తన గది గుర్తొచ్చింది. తలుపు బాగానే ఉంటుంది, గడియా బాగానే ఉంటుంది.

"అయితే ఈ దగ్గు దానివల్లేనా?"

"దానివల్లే అనలేను. తట్టుకునే శక్తి తగ్గడానికి అదీ ఒక కారణం కావచ్చు. పైకి పదండి, ఎక్స్‌రే తీయిద్దాం."

అతనికి భయమేసింది. రోగమంటే కాదు. ఏడు కాస్తా ముప్ఫై అయితే, రేపట్నుంచి తనతో ఎవరికి మాత్రం ఏం పని? అయినా ఆమె చూస్తుండగానే సొరుగు లాగి, పట్టీలోంచి ఒక మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకున్నాడు.

"మిగతావి చుట్టేసి వస్తానమ్మా" అన్నాడు. చుట్టాకే కదిలాడు.

ఊపిరితిత్తులు రెండూ నెమ్ముతో నిండి ఉన్నాయి. అప్పటికప్పుడే మూడో అంతస్తులో చేర్చుకున్నారు. అతని అదృష్టం, కిటికీ పక్క మంచం దొరికింది. సాయంత్రం డాక్టరమ్మ చూడటానికి వెళ్తే, మూసిన కిటికీ అద్దంలోంచి పడుతున్న ఎండలో చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు.

"ఎండ బాగా తగుల్తోందమ్మా. అంకె పెరుగుతుందంటారా?"

అద్దంలోంచి వచ్చే ఎండకు ఆ విటమిన్ తయారవదని ఆమెకు తెలుసు.

"పెరుగుతుంది" అంది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున అతను పోయాడు. అక్క వచ్చి, చేతిగడియారం, గది తాళంచెవి తీసుకుని వెళ్లింది.

కంపెనీ ట్యూబులు ఇంకా రాలేదు. డాక్టరమ్మ తానే నేలమాళిగకు దిగి, ఫ్రీజర్ తెరిచి ఒక ట్యూబు తీసింది. ఫాయిల్ విప్పి మిషనులో పెట్టింది. మిషను ఏడు చూపించింది. మిషను బాగానే ఉంది. ఆమెకు ఏడుపాగలేదు.

ఫ్రీజర్‌లో ఇంకా నాలుగు ట్యూబులున్నాయి, వెలుతురు తగలకుండా శుభ్రంగా ఫాయిల్ చుట్టి, మీద అతని గుండ్రటి అక్షరాలతో తక్కువ అని రాసి.